ఒంటిచేతి మాటలు

మా పెద్దన్నయ్య ఈమధ్య ఫ్యామిలీ గ్రూపులో నాకు పుట్టినరోజు శుభాకాంక్షలు వాయిస్ మెసేజ్‌లో పంపాడు. నేను పుట్టుచెవిటివాడినని ఆయనకు నాకంటే ముందే తెలుసు. తెర మీద ఆ గీతలను కాసేపు చూసి, దండం పెట్టే బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాను. ఇంట్లోవాళ్లతో ఎలాగూ ఇంతే. నాకు ఒళ్లు మండేది మావాళ్లతోనే.

మావాళ్లంటే ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల పనిచేసే చెవిటివాళ్లం. నేను సినిమా పోస్టర్లు డిజైన్ చేసే ఆఫీసులో ఉంటాను. ఇదివరకు ప్రతి ఆదివారం సాయంత్రం పది పన్నెండు మందిమి జూబ్లీహిల్స్ నుంచి కిందికి దిగే రోడ్డు పక్కన ఒక టీకొట్టు దగ్గర చేరేవాళ్లం. చీకటి పడితే వీధిదీపం కిందికి జరిగేవాళ్లం, చేతులు కనపడకపోతే మాట్లాడలేం కదా. గ్లాసు పట్టుకుంటే ఒక చెయ్యి దానికే సరిపోతుంది. అందుకని గ్లాసులన్నీ గోడ మీద పెట్టేసి మాటల్లో పడేవాళ్లం. వేడి టీ తాగిన పాపాన పోలేదు. కొట్టతను మా వైపు చూసి తల కొట్టుకునేవాడు.

ఇప్పుడు ఆ గోడ దగ్గర నేనూ, అప్పుడప్పుడు ఇంకొకరూ. మిగతావాళ్లంతా ఫోన్లోనే. వీడియో కాల్ వల్ల మేలు లేదని అనను. ఇదివరకు స్నేహితుడిని చూడాలంటే బోరబండ దాకా పోయి, తాళంకప్పను చూసి తిరిగొచ్చిన రోజులున్నాయి. కానీ ఆ కాల్‌లో మాట్లాడేది ఒక మాటేనా! ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో మాట. సగం మింగేసి సగం చెప్పినట్టుంటుంది. పైగా అందరి బొమ్మలూ ఊగుతుంటాయి.

ఒక్కడి బొమ్మ మాత్రం ఊగేది కాదు, ఎందుకని నేనెప్పుడూ ఆలోచించలేదు. బోరబండలో ఉండే ఆ స్నేహితుడు సినిమా సెట్లకు వడ్రంగి. చెవిటిపిల్లల బడిలో మాదొకటే బెంచీ. వాడి చేతులు గాల్లోకి లేచాయంటే టీకొట్టు దగ్గర అందరూ మాటలాపి చూసేవాళ్లు. అలాంటివాడు నెలల తరబడి ఆదివారాలు ఎగ్గొట్టాడు. రమ్మని మెసేజ్ పెడితే "జర పనుంది రా, వీడియోల మాట్లాడుకుందాం" అని జవాబు. వీడియోలో చూస్తే అవే ఒంటిచేతి ముక్కలు. "ఫోను దేనికైనా ఆనించి రెండు చేతులతో మాట్లాడి చావరా" అని ఎన్నిసార్లు తిట్టానో. నవ్వేసి కాల్ కట్ చేసేవాడు. వాడు లేని ఆదివారం నాకు ఆదివారంలా ఉండేది కాదు. ఎలాగైనా వాడిని మళ్లీ ఆ గోడ దగ్గరికి లాక్కురావాలి.

చివరికి చిర్రెత్తి, ఒక ఆదివారం టీకొట్టు మానేసి బోరబండ బస్సెక్కాను. చెబితే మళ్లీ పనుందంటాడని చెప్పకుండా వెళ్లాను. తలుపు తీసే ఉంది. వాడు చాప మీద కూర్చుని ఎవరితోనో వీడియోలో మాట్లాడుతున్నాడు. ఫోను బియ్యం డబ్బాకు ఆనించి ఉంది. ఎడమచెయ్యి ఒళ్లో ఉంది. దానికి బొటనవేలు తప్ప వేళ్లు లేవు.

వాడి భార్య కంగారుగా ఎదురొచ్చింది. ఆమెకు వినపడుతుంది. నాతో మాట్లాడేటప్పుడు పెదాలు నిదానంగా కదిలిస్తుంది.

"సెట్టు కాడ కట్టర్ తగిలింది అన్నా. ఎవ్వరికి చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు."

నాకు ముందు కోపమే వచ్చింది. ఇన్నాళ్లూ ఎదురుగా కూర్చుని మోసం చేశావు కదరా అని రెండు చేతులతో దులిపేశాను. వాడు అంతా ఓపిగ్గా చూసి, కుడిచేత్తో మెల్లగా అన్నాడు.

"టీకొట్టు కాడ మీరంతా రెండు చేతులతోని మాట్లాడుతరు. నేనొక్కన్నే నత్తోని లెక్క. ఫోన్ల అయితే అందరికీ ఒక్కటే చెయ్యి కదరా."

చాప మీద వాడి పక్కనే కూర్చున్నాను.

వాడి భార్య టీ ఇచ్చింది. అలవాటుగా గ్లాసు కింద పెట్టబోయి ఆగాను. ఎడమచేత్తో దాన్ని పట్టుకునే, కుడిచేత్తో ఆఫీసు కబుర్లన్నీ చెప్పాను. సగం మాటలు మింగేస్తున్నానని వాడే నన్ను వెక్కిరించాడు. టీ మాత్రం వేడిగా తాగాను.

ఇంటికొచ్చి మా టీకొట్టువాళ్ల గ్రూపులో మెసేజ్ పెట్టాను: వచ్చే ఆదివారం అందరూ టీకొట్టు దగ్గరికి రావాలి, గ్లాసు ఎవడైనా కింద పెట్టాడో, వాడి సంగతి చెప్తాను.