ఎటక్క

ఆ వర్క్‌షాపులో క్రేను నడిపే ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆవిడ ‘ఎటక్క’. ఎంత జరపాలో చెబితే చాలదు, “ఎటు?” అని అడిగి, జవాబొచ్చాకే లివరు ముట్టుకుంటుంది.

కొత్తగా వచ్చిన ఇంజనీరుకు ఆ సంగతి తెలియదు. రెండు టన్నుల మోటారు కొక్కేనికి వేలాడుతుంటే కిందనుంచి కేకేశాడు.

“అమ్మా, మూడడుగులు జరపండి!”

“ఎటు?”

“మూడడుగులంటే అర్థం కాదా?”

“అంకె అర్థమైంది బాబూ. దిక్కులేని అంకెతో నేనేం చేసుకోను? గోడవైపా, ఇటువైపా? గోడకీ మోటారుకీ మధ్య మీరే ఉన్నారు మరి!”

ఇంజనీరు వెనక్కి తిరిగి గోడను చూశాడు. గబుక్కున పక్కకు తప్పుకుని, అప్పుడు చెయ్యి చాపి చూపించాడు. మంచినీళ్లు తాగినంత సులువుగా ఆవిడ మోటారును అటు జరిపి దించేసింది.

టీ తాగేటప్పుడు అతను ఉడుకుమోత్తనం కొద్దీ అడిగాడు. “మీ సర్వీసెంత?”

“ముప్పై ఏళ్లు.”

“ఎటు?”

అందరూ గొల్లున నవ్వారు. ఎటక్క తొణకలేదు, బెణకలేదు.

“ఏళ్లకీ, ఈ టీ వేడికీ దిక్కుండదు బాబూ, ఎంతో చెబితే చాలు. జరపాలన్నా, లాగాలన్నా దిక్కు కావాలి.”

“మరి బరువుకి? రెండు టన్నులంటే ఎటని అడగలేదే?”

“దాని దిక్కు అడగక్కర్లేదు. ఎప్పుడూ కింద నిలబడ్డవాడి నెత్తిమీదికే!”