చైనా డాక్టరు ఓటు

ఇన్నేళ్లుగా ఈ సంగతి గుండెల మీద బరువై కూర్చుంది. నేనెవరో మీకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నాను.

మక్తల్‌లో మా గల్లీ చివర ఒక పళ్ల డాక్టరు ఉంటాడు. ఊరంతా చైనా డాక్టరంటారు. వాళ్ల తాత ఎప్పుడో చైనా నుంచి కలకత్తాకు, అక్కణ్ణుంచి ఇక్కడికి వచ్చాడట. ఈయన మాత్రం ఇక్కడే పుట్టాడు, మా అన్నతో కలిసి బడికి పోయాడు.

నేను టీచరును. ఓటర్ల జాబితా పనీ మా నెత్తి మీదే. ఇంటింటికీ తిరిగి ఎవరున్నారో, ఎవరు లేరో రాయాలి. అవి కరోనా రోజులు. తిరగడానికి బద్ధకించి, ఇంట్లో కూర్చునే గల్లీ మొత్తం రాసేశాను. అందరికీ 'ఉన్నారు'. ఆయన పేరు దగ్గర కలం ఆగింది. "ఆ చైనాయన ఇంటి దిక్కు పోకు టీచరమ్మా" అని పక్కింటామె అన్న మాట గుర్తొచ్చింది. 'ఇల్లు మారారు' అని రాశాను. పేరు తీసేసే ముందు ఇవ్వాల్సిన నోటీసు ఇచ్చినట్టు కూడా నేనే రాసుకున్నాను.

భయమా? భయమే అయితే, వెళ్లకుండానే 'ఉన్నారు' అని రాయొచ్చు కదా, మిగతా అందరికీ రాసినట్టే! ఎంత తవ్వుకున్నా దొరికేది ఒకటే: ఆయన మనవాడు కాడని నా లోపల ఎక్కడో ఉంది.

ఓట్ల రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పోలింగ్ కేంద్రం బయట జాబితా పట్టుకుని కూర్చున్నది నేనే.

"మేడమ్, జర మల్ల సూడున్రి. నేను ఈడనే పుట్టిన గద."

"పైనుంచే తీసేసిన్రు. నేనేం జెయ్యాలె?"

వెళ్లిపోయాడు. ఆ తర్వాత నాకు పన్ను నొప్పి వచ్చినప్పుడల్లా బస్సెక్కి మహబూబ్‌నగర్ పోయేదాన్ని. ఆయన ముందు నోరు తెరవడానికి మొహం ఏది?

మొన్న ఆయన దగ్గరికే వెళ్లాను. నొప్పి లేదు, ఏమీ లేదు. నిలబడే అంతా చెప్పేశాను. ఆయన చేతులు తుడుచుకుంటూ నా వైపు తిరిగాడు.

"సర్కారే నన్ను వద్దన్నదనుకున్న. అందుకే మల్ల దరఖాస్తు పెట్టలె. ఎప్పుడు ఎల్లగొడ్తరో అని రోజూ ఫికరే. గదంతా మీరొక్కరేనా?"

తల ఊపాను.

"గిప్పుడు పెడ్త. ఫారం మాత్రం మీ చేతికియ్యను."

క్షమించానని ఆయన అనలేదు. నేనూ అడగలేదు. గల్లీలోకి వచ్చాక ఏడుపు తన్నుకొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాను. ఆ మాట నేను పడాల్సిందే. పడ్డాను. హమ్మయ్య.