కన్విక్టెడ్ అన్నారు మా అన్నను

సూరత్‌లో నేను ఇంగ్లిష్ టీచర్ని. మా అన్న పర్వత్ పాటియా దగ్గర ఒక చీరల గోదాములో ప్యాకింగ్ సూపర్‌వైజర్‌గా ఉండేవాడు. అమ్మానాన్నలు పోయాక అడాజన్‌లో ఫ్లాట్ అద్దెకు తీసుకుని ఇద్దరం ఉంటున్నాం. నన్ను చదివించింది అన్నే.

పోయినేడు ఆ గోదాములో చీరల మూటలు మాయమయ్యాయి. తాళం పగల్లేదు, ఎవరి మీదా చెయ్యి పడలేదు. తాళంచెవులున్న వాళ్లందరినీ పోలీసులు పిలిచారు. అన్న కూడా వెళ్లి, అడిగినవాటికి జవాబు చెప్పి సాయంత్రానికి ఇంటికొచ్చాడు.

"ఏం గాలే చెల్లె, జర చాయ్ పెట్టు" అన్నాడు.

చాయ్ మరుగుతుండగానే మా అపార్ట్‌మెంట్ సొసైటీ వాట్సాప్ గ్రూపులో సెక్రటరీ ఇంగ్లిషులో పెట్టాడు. మేముండే బీ వింగ్‌లోని మనిషి రాబరీ కేసులో కన్విక్ట్ అయ్యాడట, అందరూ జాగ్రత్తగా ఉండాలట. నేను పొయ్యి ఆపి నేరుగా ఆయన ఇంటికి వెళ్లాను. రిటైరైన ఆఫీసరు, ఉయ్యాల బల్ల మీద ఊగుతున్నాడు.

"మీకెవరు చెప్పారు?"

"మన 'ఏ' వింగ్‌లో ఉంటాడుగా, ఆ గోదాము సేఠ్ మేనల్లుడు."

"బెదిరించో కొట్టో లాక్కుంటే రాబరీ అంటారు. ఇది థెఫ్ట్. కోర్టు విచారించి నేరం చేశాడని తేలిస్తే కన్విక్టెడ్. మా అన్న మీద కేసే లేదు, అక్యూజ్డ్ అనడానికి కూడా లేదు. ఊరికే అడిగి పంపారు."

"క్లాసు మీ స్కూల్లో చెప్పుకోండి టీచర్‌బెన్. ఏ మాటైతే ఏంటి? పోలీసులు ఊరికే పిలుస్తారా?"

మెసేజ్ తియ్యమన్నాను. చూస్తానన్నాడు. తియ్యలేదు. మా ఇంటికి ట్యూషన్‌కొచ్చే పిల్లల్ని తల్లులు మాన్పించారు. సంగతి తేలేదాకా పనికి రావద్దని సేఠ్ అన్నకు చెప్పాడు.

నెల తిరక్కముందే ఆ చీరలు మార్కెట్లో ఒక దుకాణంలో దొరికాయి. తెచ్చి అమ్మింది ఆ మేనల్లుడే. సేఠ్ ఫిర్యాదు వాపసు తీసుకున్నాడు. ఈసారి సెక్రటరీ ఏం రాస్తాడా అని ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. చిన్న మిస్టేక్, ఫ్యామిలీ మ్యాటర్, ఎవరూ చర్చించవద్దు అని రాశాడు. అమ్ముకున్నవాడి కోసం అంత మెత్తటి మాట వెతికి పెట్టినవాడికి, మా అన్న దగ్గరికొచ్చేసరికి సస్పెక్ట్ అన్న మాట కూడా గుర్తు రాలేదు. అన్న నిర్దోషి అని నేనే గ్రూపులో పెట్టాను. ఎవరో బొటనవేలు బొమ్మ పెట్టారు. అంతే.

సేఠ్ మళ్లీ రమ్మన్నాడు. "నన్ను దొంగన్నోళ్ల ముంగట మళ్ల నిలబడ" అని అన్న పాండేసరాలో వేరే మిల్లు చూసుకున్నాడు, తక్కువ జీతానికి. ఒకరోజు అన్నం తింటూ అడిగాడు.

"గప్పుడు సెక్రటరీ రాసిన మాటకు తెలుగుల ఏమంటరు?"

"నేరం రుజువై శిక్ష పడ్డోడు అని."

"నేరం సంగతి పక్కకు పెట్టు. శిక్షయితే పడ్డది గదా" అన్నాడు, ముద్ద కలుపుతూ.

ఇప్పుడు అన్న లిఫ్ట్ ఎక్కడం మానేశాడు. ఎవరూ ఎదురుపడకుండా పొద్దున్నే మెట్లు దిగి వెళ్లిపోతాడు.