మార్తమ్మ గారి బియ్యం సంచి

పాస్టరమ్మ గారికి పనేముంటుందని ఎవరైనా అడిగితే మార్తమ్మ నవ్వేసి, "ఏముందండీ, వచ్చినవాళ్లకి అన్నం పెట్టటం, రానివాళ్లని వెతికి తెచ్చి పెట్టటం" అనేది. విజయవాడ వన్ టౌన్‌లో గోడౌన్ల వెనక ఇరుకు సందులో వాళ్ల చర్చి. ఆదివారం ఆరాధన ముగిసిందంటే విస్తళ్లు పడాల్సిందే. ఆ బియ్యం ఏ దాతా ఇచ్చినవి కావు. సంఘంలోని ప్రతి ఇల్లాలూ ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి డబ్బాలో వేసేది. వారానికోసారి మార్తమ్మ గుడ్డసంచి భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి వాటిని పోగుచేసేది. పామర్రు దగ్గర పల్లెలో బైబిలు స్త్రీగా వాక్యం చెబుతూ ఊళ్లు తిరిగిన తల్లి ఏస్తేరమ్మ దగ్గర నేర్చుకున్న పద్ధతి అది.

1999లో జర్మనీలో ఓ చిన్న ఊరి చర్చి ఆమె భర్త ఇశ్రాయేలు గారిని పిలిచింది. ఆ ఊళ్లో శరణార్థుల హాస్టలుంది. యుద్ధాలు తరిమితే ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్లు, దేశంలో ఉండనిస్తారో పొమ్మంటారో తెలియక అక్కడ రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటారు. వాళ్ల మధ్య పనిచేయటానికి తూర్పుదేశపు కుటుంబమైతే కలిసిపోతుందని ఆ చర్చివాళ్ల ఆశ. ఒకప్పుడు దొరలు మన దగ్గరికి మిషనరీలుగా వచ్చేవారు, ఇప్పుడు మనవాళ్లే దొరల దేశానికి పోతున్నారని ఇక్కడ సంఘమంతా ఒకటే సంబరం. స్టేషన్‌కి డప్పులతో వచ్చారు. బంతిపూల దండలు ఇశ్రాయేలు గారి ముక్కు దాకా పేరుకుని, వీడ్కోలు ప్రార్థన సగంలోనే ఆయనకు తుమ్ములు అందుకున్నాయి.

తీరా వెళ్లాక అక్కడ పరిస్థితి వేరు. ప్రతి శనివారం చర్చి హాల్లో శరణార్థులకు భోజనం. బల్లల మీద తెల్లటి గుడ్డలు, వేడి సూపు, రొట్టె. అన్నీ దగ్గరుండి సర్దేది కమిటీ పెద్ద హెల్గా గారు. మంచి మనిషే, కానీ మంచితనం కూడా గంట కొట్టినట్టు టైముకి జరగాలి ఆవిడకి. శరణార్థులు గుమ్మం దాకా వచ్చేవాళ్లు. చర్చివాళ్లిచ్చే కోటో దుప్పటో తీసుకుని, తలొంచుకుని వెళ్లిపోయేవాళ్లు. ఒక్కరూ కూర్చునేవాళ్లు కాదు.

"ఈస్టరు దాకా చూద్దాం పాస్టర్ గారూ. అప్పటికీ ఎవరూ కూర్చోకపోతే ఈ భోజనాలు ఆపేద్దాం" అంది హెల్గా ఓ రోజు.

ఆపేస్తే ఇశ్రాయేలు గారికి అక్కడ పనే లేదు. దండలు వేయించుకున్న ప్లాట్‌ఫారం మీదే మొహం వేలాడేసుకుని దిగాలి. ఆయనకు నిద్ర పట్టేది కాదు. మార్తమ్మకు మాత్రం ఆ పరువు కంటే ఖాళీ కుర్చీలే ఎక్కువ బాధ. వడ్డించిన కంచం ముందు మనిషి లేకపోవటం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

హాస్టల్లో పరీగుల్ అనే అఫ్ఘాన్ ఆవిడ ఉండేది. పాకిస్తాన్‌లోని పెషావర్‌లో ఏళ్లపాటు తలదాచుకున్నందువల్ల ఆవిడకు ఉర్దూ వచ్చు. మార్తమ్మకు వన్ టౌన్‌లో పక్కింటి జైతూన్ బీ నేర్పిన బెజవాడ ఉర్దూ ఉంది. పండితులు వింటే చెవులు మూసుకుంటారు గానీ, కష్టం సుఖం చెప్పుకోవటానికి అది చాలు. ఈస్టరుకు ముందు శుక్రవారం చర్చికి పోతూ మార్తమ్మ ఆవిడ గదిలోకి తొంగి చూసింది.

"శనివారం వచ్చి కూర్చోరేం ఆపా?" అని అక్కను అడిగినట్టు ఉర్దూలో అడిగేసింది.

"సర్కారు సామాను పొట్లాలిస్తుంది, మీరు కోట్లిస్తారు. అన్నీ చెయ్యి చాపే తీసుకుంటున్నాం" అంది పరీగుల్. "ఇక కూర్చుని తినటం కూడానా? మా ఇంటికొచ్చినవాళ్లు తినకుండా పోయేవాళ్లు కాదు, ఆపా. ఇంతకీ ఆ సంచిలో ఏమిటి?"

పరాయి దేశమైనా మార్తమ్మ అలవాటు మానలేదు. రోజూ తన ఎసట్లోంచి తీసిన పిడికెళ్లే ఆ సంచిలో ఉన్నాయి. మా ఊళ్లో కలిగినవాళ్లూ లేనివాళ్లూ అందరూ ఇస్తారని, ఆదివారం అందరూ కలిసి తింటారని చెప్పింది.

పరీగుల్ లేచి, తన సర్కారు పొట్లం విప్పి, పిడికిట నిండా బియ్యంతో వచ్చి నిలబడింది.

మార్తమ్మ చెయ్యి వెనక్కి పోయింది. వీళ్ల దగ్గర తీసుకోవటమా! అంతలో అమ్మ గుర్తొచ్చింది. కూలి దొరకని ఇంటి ముందు కూడా ఏస్తేరమ్మ సంచి పట్టుకుని ఆగేది. "లేనోళ్ల పిడికెడు వద్దన్నామంటే, మా లెక్కలో నువ్వు లేవు పో అన్నట్టేనే" అనేది. మార్తమ్మ సంచి నోరు తెరిచి పట్టుకుంది. పరీగుల్ పిలుస్తుంటే హాస్టలు వరండాలో ఒక్కొక్క తలుపే తెరుచుకుంది, ఒక్కొక్క పిడికెడే సంచిలో పడింది. సంచి మోయలేక రెండు చేతులతో పట్టుకుని చర్చికి చేరింది.

సంగతి విన్న హెల్గా మొహం కందగడ్డయింది. "శరణార్థుల దగ్గర అడుక్కొచ్చారా? మన చర్చికి ఎంత సిగ్గు! వెంటనే తిరిగిచ్చేయండి!"

"ఏమండీ, ఆవిడకి చెప్పండి," అంది మార్తమ్మ భర్తతో. "ఇచ్చినవాళ్ల మొహాన తిరిగి కొట్టటం నావల్ల కాదు. కావాలంటే మనల్నే తిరిగి పంపించేయమనండి."

ఇశ్రాయేలు గారు మొదటి సగం ఇంగ్లీషులోకి మార్చి, రెండో సగం మింగేశారు.

శనివారం వచ్చింది. మార్తమ్మ ఆ బియ్యమే కడిగి పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టింది. రేపే ఈస్టరు, ఇవాళా ఎవరూ కూర్చోకపోతే తట్టాబుట్టా సర్దుకోవాల్సిందే. బియ్యం ఉడుకుతుండగా వెనకనుంచి ఎవరో ఆమెను పక్కకు నెట్టారు. చూస్తే పరీగుల్! చేతిలో పులావులోకి తెచ్చిన క్యారెట్లు.

"జావ చేస్తున్నావా ఏం? మా బియ్యం పాడుచేస్తావా?"

"గంజి వార్చటం నాకు నేర్పుతావా? పుట్టిందే వరిచేల మధ్య!" అని మార్తమ్మ కయ్యానికి దిగింది, లోపల మాత్రం పొంగిపోతూ. 'మా బియ్యం' అంది కదా! ఆ కేకలకు గుమ్మం దగ్గరున్న హాస్టలు జనమంతా లోపలికొచ్చేశారు, తమ బియ్యానికి ఏం గతి పడుతోందో చూడటానికి. నిలబడి ఎంతసేపు చూస్తారు? కూర్చున్నారు. కుర్చీలు చాలక బెంచీలు లాగారు.

హెల్గా ఒక్కతే కోట్ల కుప్ప పక్కన నిలబడిపోయింది. ఆ పూట కోటు అడిగినవాళ్లు లేరు. పరీగుల్ వెళ్లి ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. ఒకరి భాష ఒకరికి రాదు. తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, అందరికంటే ముందు ఆవిడకే వడ్డించింది. ఆ హాల్లో ఎన్నో ఏళ్లుగా పెట్టటమే తప్ప తినటం ఎరగని మనిషి, తలొంచుకుని, ఒక్క మెతుకు వదలకుండా తింది. పరీగుల్ గరిటె పట్టుకుని అక్కడే నిలబడింది.

హెల్గా కళ్లు తుడుచుకుని, ప్లేటు మళ్లీ చాపింది.