పస్కా రాత్రి అడగాల్సిన ప్రశ్న

మొన్న కోడలితో ప్లెయిన్స్‌బరోలో సరుకులకి వెళ్తే, కొట్టు గుమ్మం పక్కనే పులియని రొట్టెల అట్టపెట్టెలు నిలువెత్తున పేర్చి ఉన్నాయి, యూదుల పస్కా పండగ వచ్చేసిందన్నమాట అనుకుంటూ అక్కడే నిలబడిపోయాను. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, ఇలా రాయడం ఇదే మొదలు, తప్పులు దొర్లినా సరే రాసేస్తాను.

అమెరికా వచ్చిన కొత్తలో నేను ఒక యూదుల పెద్దావిడ ఇంట్లో వంట చేస్తూ తోడుగా ఉండేదాన్ని. పస్కాకి ముందు ఆవిడ ఇల్లంతా దులిపించింది, అలమర మూలల్లో రొట్టె తునక కూడా మిగలకూడదంది. నేను ముందురోజు రుబ్బిన దోశపిండేమో పొంగి గిన్నె మూత ఎత్తేసింది. అది చూసి ఆవిడ నవ్వి, పొంగినవేవీ ఈ వారం ఇంట్లో ఉండకూడదంటే, గిన్నె మోసుకెళ్ళి మన తెలుగువాళ్ళింట్లో ఇచ్చొచ్చాను. యూదులు ఐగుప్తు, అదే ఈజిప్టు, బానిసత్వం నుంచి బయటపడ్డ కథ చిన్నప్పటి నుంచి చర్చిలో విన్నదే, కానీ అది నా పిండిగిన్నె దాకా వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఆ పండగ భోజనం దగ్గర, ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళు ప్రశ్న అడగాలి, అప్పుడు పెద్దవాళ్ళు కథ చెప్పాలి, అదీ వాళ్ళ పద్ధతి. ఆ ఏడాది ట్రాయ్ అనే ఊళ్ళో ఉండే ఆవిడ కొడుకు, పిల్లలతో రాలేనని ఫోన్ చేశాడు.

"దేవుడికి నీ వయసు తెలుసమ్మా, ఈసారికి మానేసినా ఏమీ అనుకోడు" అన్నాడు.

"ఆయన నాకంటే పెద్దవాడు, ఆయన మానేశాడా?" అని ఫోన్ పెట్టేసి, ఆవిడ నా వైపు తిరిగింది. "ఈ ఇంట్లో చిన్నదానివి నువ్వే. నువ్వడుగు."

నాకు ఇంగ్లీషు సరిగా రాదని, వేరే ఎవరినైనా పిలుద్దామని చాలా బతిమాలాను, ఆవిడ వింటేనా, నీకొచ్చిన భాషలోనే అడుగు, అడిగితేనే నేను మొదలుపెడతానంది. సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించి, నిలబడలేని మనిషి బల్ల పట్టుకుని నిలబడింది.

"అమ్మా, ఈ రాత్రి మిగతా రాత్రుల్లా ఎందుకు లేదు?" అని తెలుగులోనే అడిగాను.

ఇక ఆవిడ చెప్పుకుపోయింది. మొదట్లో అది వసంతకాలంలో గొర్రెలకాపరులు గొర్రెపిల్లను కోసుకునే పండగట, రైతులు కొత్త యవల పిండితో రొట్టెలు కాల్చుకునే పండగ వేరేగా ఉండేదట, ఆ రెండూ ఐగుప్తు కథలో కలిసిపోయాయని వాళ్ళ తాతగారు చెప్పేవారట. ఐగుప్తులో బానిసలుగా ఉన్నవాళ్ళు, పిండి పొంగే దాకా ఆగే వీల్లేక, పులియని పిండితోనే బయలుదేరారని నాకు తెలుసు, అయితే ఆవిడ ఒక్కసారి కూడా "వాళ్ళు" అనలేదు, "మేము బయలుదేరాం" అనే చెప్పింది, నిన్నో మొన్నో జరిగినట్టు. నా రొట్టె ముక్క చేతిలోనే ఉండిపోయింది.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. మా ఇంట్లో పిల్లలకి ఇప్పుడు ఏది కావాలన్నా ఫోన్ చెప్పేస్తుంది, పక్కన కూర్చున్న మనిషిని అడిగే పనే లేదు. అడిగేవాళ్ళు రాలేదని ఆవిడ ఊరుకోలేదు కదా, నేనూ ఊరుకోను. ఈ పస్కాకి మా మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ ప్రశ్న నన్నే అడగమంటాను. దాని ఇంగ్లీషులోనే అడగనీ, చెప్పడానికి నేనింకా ఉన్నాను.