సదాశివ చూసిన తలకిందుల ఇల్లు

సుల్తాన్ బజార్‌లో చీరల దుకాణాల వైపు వెళ్లి "సదాశివ ఎక్కడండీ" అని అడిగితే ఎవరూ చెప్పరు. "తలకిందుల సదాశివ" అనండి, నలుగురు వేలు చూపిస్తారు. మనిషేమో నిటారుగానే ఉంటాడు. ఏ చీర ఏ అరలో ఉందో చూడకుండా తీసే చెయ్యి, కస్టమర్‌తో అబద్ధం ఆడని నోరు. "ఈ రంగు రెండు ఉతుకులకు పోతదమ్మా, ఇంకోటి తీస్కో" అని చెప్పి సేఠ్ చేత తిట్లు తిన్న మనిషి. అలాంటివాడికి ఆ పేరు తగిలించింది ఎవరో కాదు, చిన్ననాటి స్నేహితుడు వెంకటేశం.

అప్పుడు ఇద్దరూ నాంపల్లిలో ఒకే గల్లీ పిల్లలు. వెంకటేశం వాళ్లింట్లో టీవీకి తగిలించే వీడియో గేమ్ డబ్బా ఉండేది. పైన క్యాసెట్ గుచ్చి ఆడాలి. క్యాసెట్ మీద పులి బొమ్మ ఉండేది గానీ లోపల పులీ లేదు, పిల్లీ లేదు. గొడుగు పట్టుకున్న ఒకాయన ఇళ్ల కప్పుల మీద దూకుతూ పోతుంటాడు, పైనుంచి పిడుగులు పడుతుంటాయి. ఆ ఆట అసలు పేరేమిటో ఎవరికీ తెలియదు. గల్లీ అంతటికీ అది గొడుగాయన ఆట. క్యాసెట్టేమో వదులు. ఊరికే గుచ్చితే తెర నిండా గీతలే. ఫూ అని నోటితో ఊది, సిటీ బస్సు టికెట్‌ను మడతలు పెట్టి క్యాసెట్ పక్కన సందులో దోపితేనే గొడుగాయన బయటికొచ్చేవాడు.

ఒక పూట సదాశివ ఎనిమిదో ఇల్లు దాటాడు. అంతకుముందు దాటినవాడు లేడు. సరిగ్గా అప్పుడే వెంకటేశం వాళ్లమ్మ కింద నుంచి "నల్లా వచ్చింది, బిందెలు పట్టున్రి!" అని కేక వేసింది. పిల్లలందరూ మెట్లు దిగి పరుగెత్తారు. సదాశివ మాత్రం కదల్లేదు. తెర మీద ఇల్లు తలకిందులైపోయింది. గుమ్మం పైన, కప్పు కింద. గొడుగాయన కాళ్లు పైకి పెట్టి నడుస్తున్నాడు. వాన నేలలోంచి లేచి ఆకాశానికి కురుస్తోంది, అది కూడా ఆకుపచ్చగా. "రాండ్రి రా, చూడున్రి!" అని గొంతు చించుకున్నాడు. వాళ్లు బిందెలతో పైకి వచ్చేసరికి కరెంటు పోయింది.

ఆ తర్వాత ఎవరూ అంతదూరం వెళ్లలేదు. డబ్బా పాడైంది, క్యాసెట్ ఎటో పోయింది, పేరు మాత్రం మిగిలింది. ఇప్పుడు సుల్తాన్ బజార్‌లోనే సదాశివ పనిచేసే చీరల దుకాణానికి ఎదురుగా వెంకటేశానికి స్టీలు సామాన్ల దుకాణం ఉంది. రోజూ చాయ్ దగ్గర కలుస్తారు. సదాశివ నోరు తెరవడమే ఆలస్యం, "ఇది గూడ తలకిందుల ముచ్చటేనా?" అని పక్కవాళ్లకు కన్ను కొడతాడు వెంకటేశం. అందరూ నవ్వుతారు. సదాశివ కూడా నవ్వేవాడు, ఇన్నేళ్లూ.

కానీ మొన్నామధ్య ఒక సాయంత్రం నవ్వలేకపోయాడు. దుకాణంలో ఒకావిడ ముందురోజు కొన్న చీరనే మర్చిపోయి మళ్లీ అదే చీర కొనుక్కెళ్లింది. నిజంగా జరిగిందే. ఇంటికొచ్చి చెబితే కూతురు మనస్విని "సరేలే నాన్నా" అని, తల్లి వైపు చూసి కన్ను కొట్టింది. అచ్చం వెంకటేశం కొట్టినట్టే. చదువుకుని ఆఫీసుకు వెళ్తున్న పిల్ల, తండ్రి మాటకు కన్ను కొట్టింది! ఆ రాత్రి అన్నం సహించలేదు సదాశివకు. ఆ ఇల్లు ఒక్కసారి దొరికితే చాలు, కూతురి చేతిలో పెట్టి చూపిస్తాను అనుకున్నాడు.

దారి కూడా దుకాణంలోనే దొరికింది. చీరలు ఏరుకునే భార్య పక్కన కూర్చుని ఒకాయన అరచేతిలో పట్టేంత ఆటల మిషన్‌లో ఏదో ఆడుకుంటున్నాడు. ఆ గళ్లగళ్ల బొమ్మలు చూసి సదాశివ చేతిలో చీర మడత జారిపోయింది.

"అన్నా, ఇందుల పాతయి గూడ ఉంటయా?"

"అన్నీ ఉంటయ్. ఎమ్యులేటర్ గదా. పాత డబ్బాలెక్క నటిస్తది ఇది."

వెంటనే అబిడ్స్‌లో అలాంటివి అమ్మే రత్నాకర్ దగ్గరికి వెళ్లి ఒకటి తెచ్చుకున్నాడు. రత్నాకర్ మిషన్ పక్కన ఉన్న సందులో వేలిగోరంత కార్డు పెట్టి, "ఆటలన్నీ గీ కార్డుల ఉన్నయ్ అంకుల్. పేరు చెప్పున్రి, వెతికిస్త" అన్నాడు.

"గొడుగాయన ఆట."

"గది మీ గల్లీ పెట్టిన పేరు. కంపెనీ పెట్టిన పేరు చెప్పున్రి."

అక్కడే మొదలైంది గోస. పేరు తెలియదు. గొడుగుకు ఇంగ్లీషులో ఏమంటారో అది కొట్టి చూశారు, రాలేదు. వాన, పిడుగు, కప్పు, ఏదీ రాలేదు. వేల ఆటలు. సగం పేర్లు జపాన్ అక్షరాల్లో. ఇక ఒక్కొక్కటీ తెరిచి చూడటమే. తెరిచాక మూయడం ఎలాగో తెలియదు. రెండు బటన్లు కలిపి నొక్కాలట, ఒకటి ముందు నొక్కితే ఆట మొదటికొస్తుంది, ఇంకోటి ముందు నొక్కితే మిషన్ పడుకుంటుంది. లేపితే మళ్లీ జాబితా మొదటి నుంచి.

"ఏందయ్యా, గా డబ్బను తిడ్తున్నవా, నన్నా?" అనేది వంటింట్లోంచి భార్య బుజ్జమ్మ.

"డబ్బనే."

"గట్లయితే జర మెల్లగ తిట్టు. పక్కింటోళ్లు నన్నే అనుకుంటున్నరు."

ఆట కనిపించి దొరకలేదు, వినిపించి దొరికింది. చెవులు చిల్లులు పడేలా ఏవేవో రాగాలు మోగాక, ఒకరోజు టిడింగ్ టిడింగ్ అని గొడుగాయన పాట మొదలైంది. సదాశివ ఒళ్లు ఝల్లుమంది. పరుగున వెళ్లి చాయ్ దగ్గర వెంకటేశాన్ని పట్టుకున్నాడు.

"ఐతారం మా ఇంటికి రా. నీ కండ్లతోనే చూద్దువు."

"వస్త. తలకాయ కింద పెట్టి రావాల్నా, గట్లనే రావాల్నా?"

మళ్లీ అందరూ నవ్వారు. నవ్వనీ అనుకున్నాడు.

దొరికిందన్నమాటే గానీ ఆడనిస్తేనా! తెర వెడల్పుకు సాగి గొడుగాయన పొట్టిగా, లావుగా, పెళ్లి భోజనం చేసొచ్చినట్టు ఉన్నాడు. దూకే బటన్ నొక్కితే గొడుగు తెరుస్తాడు, గొడుగు బటన్ నొక్కితే గుంతలో దూకుతాడు. వేళ్లు పాత అలవాటు మానవు, మిషన్ కొత్త అలవాటు మానదు. చివరికి మనస్వినే జాలిపడి బటన్లు అటుదిటు మార్చింది. ఎక్కడికక్కడ ఆటను నిలిపి దాచుకోవడం నేర్పింది. చచ్చినా మళ్లీ అక్కడి నుంచే లేవొచ్చు. తండ్రీ కూతుళ్లు భుజం భుజం ఆనించి శనివారం సాయంత్రానికి ఎనిమిదో ఇంటికి చేరారు.

"ఇగ చూడు బిడ్డా" అన్నాడు సదాశివ.

గొడుగాయన ఎనిమిదో ఇల్లు దాటాడు. పాట మోగింది. గొడుగు మూశాడు. తెర మీద ఏవో అక్షరాలు వచ్చాయి. తర్వాత మళ్లీ మొదటి ఇల్లు. మామూలు ఇల్లు. గుమ్మం కింద, కప్పు పైన.

ఇంకోసారి ఆడారు. అదే ఆటవి కార్డులో ఇంకో రెండు రకాలుంటే అవీ తెరిచారు. ఎక్కడా లేదు. మనస్విని కన్ను కొట్టలేదు ఈసారి. "చిన్నప్పటిది గదా నాన్నా, ఏదో గుర్తుండి ఉంటది" అంది మెత్తగా. కన్ను కొట్టినా బాగుండేది సదాశివకు.

ఆదివారం పొద్దున్నే అబిడ్స్ వెళ్లాడు. బుజ్జమ్మా వెంట వచ్చింది, ఫుట్‌పాత్ మీద పాత వంటల పుస్తకాలు చూసుకోవడానికి. ఆమెను పుస్తకాల గుట్టల దగ్గర వదిలి నేరుగా రత్నాకర్ మీదికి పోయాడు.

"నీ ఆటల ఒక ఇల్లు తక్కువున్నది!"

రత్నాకర్ మొత్తం కథ విన్నాడు. టికెట్ సంగతి దగ్గర ఆపాడు. "అంకుల్, క్యాసెట్ లూజున్నదంటున్రు గదా. సరిగ తాకకుంటే బొమ్మ ఉల్టా పల్టా అయితది. మీరు చూసింది ఆటల ఇల్లు గాదు, లూజు కనెక్షన్. ఇందుల క్యాసెటే లేదు, లూజెట్లయితది? పాత డబ్బకన్న సాఫ్ నడుస్తది ఇది."

"నాకు సాఫ్ నడిచేది వద్దు" అన్నాడు సదాశివ.

బస్సులో ఇంటికి వస్తూ మిషన్‌ను తిప్పి తిప్పి చూశాడు. క్యాసెట్ లేదు. నిజమే. కానీ కార్డు ఉంది. కార్డుకు సందు ఉంది.

మధ్యాహ్నం వెంకటేశం వచ్చాడు. కుర్చీలో కూర్చుని "ఏదిరా నీ ఇల్లు? కిరాయికిస్తవా?" అన్నాడు. సదాశివ లేచి, బుజ్జమ్మ చేతిసంచిలోంచి బస్సు టికెట్ తీశాడు. ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్. మడతలు పెట్టాడు. ఆట ఎనిమిదో ఇంటి దగ్గర నిలిపి ఉంది. కార్డు పక్కన సందులో ఆ కాగితం దోపాడు.

"నాన్నా, ఏం చేస్తున్నవ్!" మనస్విని చెయ్యి పట్టుకోబోయింది.

గొడుగాయన గాల్లోకి లేచి అక్కడే ఆగిపోయాడు. జుయ్యిమని ఒకటే మోత. తర్వాత తెర నల్లబడింది. బటన్లు కలిపి నొక్కినా, విడిగా నొక్కినా, బతిమాలినా లేవలేదు.

వెంకటేశం కడుపు పట్టుకుని నవ్వాడు. "జీరో టికెట్‌తోని జీరోనే వస్తదిరా!"

సదాశివ మిషన్‌ను మంచం మీద పడేసి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. "చూసిన. నేను చూసిన. అబద్ధం ఆడలే" అన్నాడు, గోడతోనే.

వెంకటేశం నవ్వు కాసేపు ఉండి, కట్టేసిన నల్లాలా కారుతూ కారుతూ ఆగింది. మిషన్ చేతిలోకి తీసుకున్నాడు. గోరుతో టికెట్ బయటికి లాగాడు. మడతలు చూసి మొహం చిట్లించాడు.

"గిట్ల మలుస్తార్రా? మర్చిపోయినవా? మూల ఒంచాలె." విప్పి మళ్లీ మడిచాడు. కార్డు తీసి, ఎవరూ అడగకుండానే, సందులో ఫూ అని ఊదాడు. ఇంకోసారి ఊదాడు. దోపబోయి చెయ్యి ఆపాడు.

"అరే సదాశివా. గా దినం టికెట్ ఎటు దిక్కు పెట్టినవ్? ఎడమకా, కుడికా?"

సదాశివ చటుక్కున ఇటు తిరిగాడు. వెంకటేశం మొహంలో నవ్వు లేదు. మనస్విని కూడా తండ్రి నోటి వైపే చూస్తోంది. ఇన్నేళ్లలో ఆ ఇంటి గురించి ఎవరైనా అతన్ని ఒక మాట అడగడం ఇదే మొదలు.

ఆకుపచ్చ వాన గుర్తుంది. కింద మెట్ల మీద బిందెలు తగిలిన చప్పుడు గుర్తుంది. టీవీ మీద పరిచిన అల్లిక గుడ్డ గుర్తుంది. టికెట్ ఎటు పెట్టాడో గుర్తు లేదు.

"జర ఆగు... చెప్త" అన్నాడు. కళ్లు మూసుకుని, లేని డబ్బాలో లేని క్యాసెట్ గుచ్చి, గాల్లో ఎడమకోసారి, కుడికోసారి దోపి చూసుకున్నాడు. మళ్లీ ఎడమకు. "జర ఆగున్రి."

బుజ్జమ్మ సంచిలో చెయ్యి పెట్టింది. "పొద్దున అబిడ్స్ పోంగ ఇచ్చిన టికెట్ గూడ ఉన్నది. ఇయ్యాల్నా?"