వేలు తగిలిన కొరియా ఆట

గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ పోయే బస్సుల, పక్క సీటు పిల్ల ఫోన్ల కొరియా ఆటల షో చూస్తుండె. ఏండ్ల సంది నడుస్తున్న పెద్ద షోలకెల్లి పుట్టిన చిన్న షో అంట ఇది, ఆఖరి భాగమంట. గోపాల్‌పేటల దిగంగనే ఫోను వాళ్లన్నకు ఇచ్చెయ్యాలెనంట, ఆలోపే చూడాలె.

కింద తెలుగు అక్షరాలు పడుతుంటే నేనూ చదవబోయిన. అరవై దాటినంక చదువు నేర్చినదాన్ని, వేలు పెట్టందే అక్షరం అందదు. నా వేలు తగిలి ఆట ఆఖరుకు దుంకింది.

"అయ్యో అవ్వా! గెలిచినోడు కనబడె గద! వారం సంది ఆగిన."

"తెల్వక పెట్టిన బిడ్డా. ఇగ చూసుడు బంజెయ్."

బంజెయ్యలే. ఆటను వెనకకు జరిపి, నా వేలు పట్టుకొని ఫోను అద్దానికి జర దూరంగ నిలిపింది. "గిట్ల చదువు." నేను వరుస చదివేదాంక ఆట ఆపుకుంట కూసుంది. ఆట సగం గాకముందే గోపాల్‌పేట వచ్చింది, పిల్ల దిగిపోయింది.

ఇప్పుడు పేపరు చదివినా నా వేలు కాయితానికి తగలదు.